కొలెస్ట్రాల్ మాత్ర, క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మందు: ఏది ఏ వేళకు వేసుకోవాలి?

కొలెస్ట్రాల్ తగ్గడానికి స్టాటిన్ మాత్ర వాడుతున్నవారిలో చాలామంది దానితోపాటు క్యాల్షియమో, ఐరనో, జింక్ కలిసిన మల్టీవిటమినో, పడుకునే ముందు గ్యాస్ జెల్లో కూడా వాడుతూ ఉంటారు. ఇవన్నీ ఒకే డాక్టరు రాసినవి కావు. ఎముకల డాక్టరు క్యాల్షియం రాస్తారు, గైనకాలజిస్టు ఐరన్ రాస్తారు, గుండె డాక్టరు స్టాటిన్ రాస్తారు, గ్యాస్ మందు మాత్రం ఎవరూ రాయకుండానే మెడికల్ షాపు నుంచి ఇంటికి వస్తుంది. అందుచేత ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ఏది దేనికి అడ్డు వస్తుందో చూసే పని చివరికి వాడేవారి మీదే పడుతుంది. ఆ పనిని ఎలా చేసుకోవాలో వరుసగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఖనిజాల మాత్రలు స్టాటిన్‌ను విషంగా మారుస్తాయన్న భయం అక్కర్లేదని ముందే చెప్పడం మంచిది. ఇక్కడ ఇబ్బంది ఎక్కువగా వేళలకు సంబంధించినది, అందులోనూ అసలు పట్టించుకోవలసినవి రెండు మూడు మాత్రమే. ఒకదానితో ఒకటి పడవన్న అనుమానంతో స్టాటిన్‌ను మానేయడమే వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం.

1. అన్ని మందులూ ఒకచోట పెట్టి, వెనకవైపు చదవండి

స్ట్రిప్ ముందు పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, మనకు కావలసింది వెనకవైపు చిన్న అక్షరాలతో ఉండే మందు పేరు. అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, క్యాల్షియం కార్బొనేట్, ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్, జింక్ సల్ఫేట్ వంటి పేర్లు కనిపిస్తే వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. ఇంగ్లీషు అక్షరాలు చదవడం కష్టమైన పెద్దవారు స్ట్రిప్పులన్నీ మెడికల్ షాపుకు తీసుకువెళ్లి, రద్దీ లేని వేళ ఫార్మసిస్టు చేత తెలుగులో రాయించుకోవచ్చు. షెల్‌కాల్ 500 వంటి మాత్రలో 1250 మి.గ్రా. క్యాల్షియం కార్బొనేట్ ఉంటుంది, అందులో అసలు క్యాల్షియం 500 మి.గ్రా. మాత్రమే. రెండు అంకెలూ ప్యాకెట్ మీద ఉంటాయి కాబట్టి రెండింటినీ కలిపి లెక్క వేసుకోకూడదు.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటి ఉంది. స్టాటిన్ స్ట్రిప్ వెనక ‘రోజువాస్టాటిన్ క్యాల్షియం’, ‘అటోర్వాస్టాటిన్ క్యాల్షియం’ అని రాసి ఉంటుంది. అది చూసి ఇందులో క్యాల్షియం ఉంది కాబట్టి వేరే క్యాల్షియం మాత్ర అక్కర్లేదని కొందరు, ఇది ఎముకల మాత్రేనని మరికొందరు అనుకుంటారు. మందును మాత్ర రూపంలో నిలకడగా ఉంచడానికి దాన్ని క్యాల్షియం లవణంగా తయారుచేస్తారు, అంతే. 10 మి.గ్రా. రోజువాస్టాటిన్ మాత్రలో ఉండే క్యాల్షియం సుమారు 0.4 మి.గ్రా. మాత్రమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసిన క్యాల్షియం 1000 మి.గ్రా. అని గుర్తు పెట్టుకుంటే, ఈ 0.4 ఏ లెక్కలోకీ రాదని అర్థమవుతుంది.

ఆయుర్వేద మందులను కూడా ఈ కాగితంలో చేర్చండి. శంఖ భస్మం, ప్రవాళ భస్మం ప్రధానంగా క్యాల్షియం కార్బొనేటే, మండూర భస్మం, లోహ భస్మం ఇనుముకు సంబంధించినవి. ఇవి మందులే కావన్నట్టు డాక్టరు దగ్గర చెప్పకుండా దాటవేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ.

2. మీది ఏ రకం కొలెస్ట్రాల్ మందో తెలుసుకోండి

మన దగ్గర ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్. ఇవి విడిగా కాకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిసి ఒకే క్యాప్సూల్‌లోనో, రక్తంలో కొవ్వును తగ్గించే ఫెనోఫైబ్రేట్‌తోనో ఎజెటిమైబ్‌తోనో కలిసి ఒకే మాత్రలోనో కూడా వస్తాయి. ఈ రెండు స్టాటిన్లూ శరీరంలో చాలా గంటలు నిలిచి పనిచేస్తాయి కాబట్టి, రాత్రే వేసుకోవాలన్న నియమం వీటికి లేదు. రోజూ ఒకే వేళకు వేసుకుంటే ఉదయమైనా, సాయంత్రమైనా ఫరవాలేదు. ఈ వెసులుబాటు ముందు ముందు మనకు బాగా పనికొస్తుంది. సిమ్వాస్టాటిన్ సంగతి వేరు, అది తక్కువ గంటలే పనిచేస్తుంది కాబట్టి రాత్రి వేళకే వేసుకోవాలి.

కొలెస్టిరమైన్ అనే పొడి మందు ఒకటుంది. ఇది పేగులో పిత్త ఆమ్లాలను పట్టుకొని కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. మన దగ్గర దీన్ని కొలెస్ట్రాల్ కోసం కంటే, పిత్తం అడ్డుపడిన కామెర్లలో వచ్చే దురద కోసం ఎక్కువగా రాస్తారు. దీనికి ఎదురుపడ్డ మందునల్లా పట్టుకొనే గుణం ఉంది. ఐరన్, థైరాయిడ్ మాత్ర, స్టాటిన్, ఫెనోఫైబ్రేట్ వేటినీ ఇది వదలదు. అందువల్ల మిగిలిన మందులను ఈ పొడికి కనీసం ఒక గంట ముందు గాని, నాలుగు నుంచి ఆరు గంటల తరవాత గాని వేసుకోవాలి. నెలల తరబడి వాడేవారిలో ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా తగ్గే అవకాశం ఉంది కాబట్టి, చిగుళ్ల నుంచి రక్తం రావడం, ఒంటి మీద కారణం లేకుండా నల్లటి కమిలిన మచ్చలు కనిపించడం వంటివి గమనిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

3. గ్యాస్ జెల్‌ను స్టాటిన్‌కు దూరంగా జరపండి

ఈ మొత్తం వ్యవహారంలో లెక్కలతో సహా రుజువైన అడ్డంకి ఇదే. డైజీన్, జెలుసిల్, మ్యూకెయిన్ వంటి జెల్స్‌లో అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. ఇలాంటి యాంటాసిడ్‌ను, అంటే కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందును, రోజువాస్టాటిన్‌తోపాటు ఒకేసారి తీసుకుంటే, రక్తంలోకి చేరే మందు సుమారు 54 శాతం తగ్గుతుంది. అదే యాంటాసిడ్‌ను రెండు గంటలు ఆగి తీసుకుంటే తగ్గుదల 22 శాతానికి పరిమితమవుతుంది. అందుకే రోజువాస్టాటిన్ వేసుకున్నాక కనీసం రెండు గంటల తరవాతే యాంటాసిడ్ తీసుకోవాలని ఆ మందు సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. అటోర్వాస్టాటిన్ మోతాదు కూడా ఇలాంటి యాంటాసిడ్ వల్ల రక్తంలో 35 శాతం వరకు తగ్గుతుంది గాని, ‘చెడు కొలెస్ట్రాల్’ అని పిలిచే ఎల్‌డీఎల్ తగ్గే తీరులో మార్పు కనిపించలేదు. ఎజెటిమైబ్ మీద పడే ప్రభావం స్వల్పం, దాని మొత్తం శోషణ దాదాపు మారదు.

సగానికి సగం మందు పోతుందని చదవగానే ఇన్నాళ్లూ వాడినదంతా వృథా అయిందని బెంగపడనవసరం లేదు. స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసినప్పుడు ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. దీన్ని తిప్పి చూస్తే, మోతాదు సగమైనప్పుడు పోయేది కూడా దాదాపు అంతే. మందు మొదలుపెట్టే ముందు ఎల్‌డీఎల్ 160 ఉన్నవారికి ఆ తేడా దాదాపు 10 పాయింట్లు. గుండెపోటు ఎన్నడూ రానివారికి ఇది పెద్దగా లెక్కలోకి రాకపోవచ్చు. స్టెంట్ వేయించుకొని, ఎల్‌డీఎల్‌ను 70 కంటే కిందకు, వీలైతే 55 కంటే కిందకు తేవాలని డాక్టరు పట్టుబడుతున్నవారికి మాత్రం ఆ పది పాయింట్లు ముఖ్యమే. పైగా జెల్ సంగతి తెలియని డాక్టరు, రిపోర్టు చూసి మాత్ర చాలడం లేదనుకొని 10 మి.గ్రా. బదులు 20 మి.గ్రా. రాసే అవకాశం ఉంది. వేళ మార్చుకుంటే సరిపోయే చోట మోతాదు పెరుగుతుంది, దానితోపాటు దుష్ఫలితాల అవకాశమూ పెరుగుతుంది.

మన ఇళ్లలో ఈ రెండూ ఎదురుపడేది ఎక్కువగా రాత్రి భోజనం తరవాతే. స్టాటిన్ రాత్రే వేసుకోవాలన్న పాత అలవాటు ఒకవైపు, పడుకునే ముందు ఛాతీ మంటకు జెల్ తాగడం మరోవైపు. మీకు రోజూ రాత్రి జెల్ అవసరమవుతూ ఉంటే, డాక్టరుకు ఒక మాట చెప్పి స్టాటిన్‌ను ఉదయం టిఫిన్ వేళకు మార్చుకోవడం అన్నిటికంటే తేలిక. అది కుదరకపోతే సాయంత్రం ఏడింటికి మాత్ర, పదింటికి జెల్ అన్నట్టు ఎడం పాటించండి. ఉదయం పరగడుపున వేసుకొనే పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఈ కోవలోకి రావు, వాటిలో స్టాటిన్‌ను పట్టి ఉంచేంత లోహ లవణాలు ఉండవు. ఈనోలో ఉండేది సోడియం బైకార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం. అది స్టాటిన్‌కు ఇలా అడ్డు రాదు గాని, అందులోని సోడియం బీపీ ఉన్నవారికి మంచిది కాదు. నిజానికి వారాల తరబడి రోజూ జెల్ లేకుండా నిద్ర పట్టడం లేదంటే, ముందు చూపించుకోవలసింది ఆ ఛాతీ మంటనే. గుండె సంబంధిత నొప్పిని గ్యాస్ అనుకొని కాలయాపన చేసినవారు మన చుట్టూ తక్కువేమీ లేరు.

4. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే, ముందు దాన్ని సరిచూడండి

కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గడం లేదని అడిగేవారిలో థైరాయిడ్ తక్కువగా ఉండి థైరాక్సిన్ వాడే మహిళలు ఎక్కువగానే ఉంటారు, వారి విషయంలో క్యాల్షియం, ఐరన్ మాత్రల ప్రభావం చాటుగా పనిచేస్తుంది. ఈ రెండు ఖనిజాలూ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టి ఉంచి, అది రక్తంలోకి చేరకుండా చేస్తాయి. థైరాక్సిన్ చాలకపోతే, థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, దానితో ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది. అంతేకాదు, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారిలో స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. అంటే ఉదయం టీతోపాటు థైరాయిడ్ మాత్ర, ఆ వెంటనే టిఫిన్‌తో క్యాల్షియం మాత్ర వేసుకొనే ఒక్క అలవాటు వల్ల కొలెస్ట్రాల్ తగ్గకపోవడం, కాళ్లు పీకడం రెండూ కలిగి, నింద మొత్తం స్టాటిన్ మీద పడుతుంది. క్యాల్షియానికి, స్టాటిన్‌కు నేరుగా ఉన్న సంబంధం కంటే ఈ చుట్టుదారి సంబంధమే నా దృష్టిలో ఎక్కువ నష్టం చేస్తుంది.

థైరాక్సిన్‌ను లేవగానే పరగడుపున మంచినీళ్లతో మాత్రమే వేసుకొని, టీ, కాఫీ, టిఫిన్‌లకు అరగంట నుంచి గంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్, ఈ ఖనిజాలున్న మల్టీవిటమిన్, యాంటాసిడ్ జెల్ ఏదైనా సరే, దానికి నాలుగు గంటల తరవాతే.

5. రోజు పట్టికను రాసుకోండి

పైన చెప్పినవన్నీ ఒకరికే ఉన్నాయనుకొని ఒక నమూనా ఇస్తున్నాను. మీకు లేనిదాన్ని వదిలేసి మిగిలినదాన్ని వాడుకోవచ్చు.

ఉదయం 6 గంటలకు థైరాక్సిన్, మంచినీళ్లతో.
8 గంటలకు టిఫిన్‌తోపాటు బీపీ మాత్ర, రాత్రి జెల్ తాగే అలవాటు ఉన్నవారికి స్టాటిన్ కూడా.
11 గంటలకు ఐరన్ మాత్ర, నిమ్మరసం కలిపిన నీళ్లతో.
మధ్యాహ్నం 1:30కు భోజనంతోపాటు క్యాల్షియం కార్బొనేట్.
రాత్రి 9 గంటలకు, జెల్ అవసరం లేనివారికి, స్టాటిన్.

ఈ వరుస ఊరికే పెట్టినది కాదు. ఐరన్ ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది, టీ, కాఫీలు దాన్ని అడ్డుకుంటాయి, అందుకే టిఫిన్‌కూ భోజనానికీ మధ్యన ఉంచాము. దానివల్ల వికారం వస్తే భోజనం తరవాతకు మార్చుకొని, అప్పుడు క్యాల్షియాన్ని రాత్రి భోజనానికి జరపండి. క్యాల్షియం కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి దాన్ని అన్నంతో తీసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టి రెండింటి మధ్య రెండు గంటలైనా ఉండాలి. స్టాటిన్‌తో క్యాల్షియం, ఐరన్ కలిపి వేసుకోకూడదని యాంటాసిడ్ విషయంలో ఉన్నంత గట్టి హెచ్చరిక లేదు, అయినా పట్టికలో అవి ఎలాగూ వేర్వేరు పూటలకు వెళ్తాయి కాబట్టి ఆ ప్రశ్నే తలెత్తదు. ఫెనోఫైబ్రేట్ వాడేవారు దాన్ని అన్నంతోనే వేసుకోవాలన్నది మాత్రం గమనించాలి.

6. కాళ్ల నొప్పి మొదలైతే, మాత్ర మానే ముందు కారణం వెతకండి

స్టాటిన్ మొదలుపెట్టాక పిక్కలు పట్టేస్తున్నాయని చెప్పేవారికి, మెగ్నీషియం మాత్ర వేసుకుంటే పోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. నిజంగా మెగ్నీషియం తక్కువైతే కండరాలు పట్టేస్తాయి, అయితే ఆ తక్కువకు కారణం స్టాటిన్ కాకపోవచ్చు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కోవలోని మాత్రలను ఏడాదికి పైగా వాడేవారిలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. బీపీ మాత్రల్లో కలిసి వచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ వంటి, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు కూడా మెగ్నీషియాన్ని, పొటాషియాన్ని తగ్గిస్తాయి. గుండె మందుల చీటీలో ఈ మూడూ కలిసి ఉండడం సర్వసాధారణం. కాబట్టి డాక్టరును మెగ్నీషియం, పొటాషియం, టీఎస్‌హెచ్, విటమిన్ డి, కండరాల దెబ్బను చూపే సీకే పరీక్షల గురించి అడగండి. లోపం తేలితే తప్ప మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టకండి, పెట్టినా రోజువాస్టాటిన్‌కు రెండు మూడు గంటల ఎడం ఇవ్వండి.

విటమిన్ డి లోపం ఉన్నవారికి దాన్ని సరిచేయడం ఎముకల కోసం అవసరమే. అయితే ముందుగానే విటమిన్ డి వేసుకుంటే స్టాటిన్ కండరాల నొప్పులు రావన్న నమ్మకాన్ని 2022లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన సమర్థించలేదు. విటమిన్ డి తీసుకున్నవారిలోనూ, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలోనూ నొప్పులు సమానంగానే వచ్చాయి.

ఒక్క సందర్భంలో మాత్రం పరీక్షల కోసం ఎదురుచూడకూడదు. తొడలు, భుజాల్లో తీవ్రమైన నొప్పి, నీరసం వచ్చి, దానితోపాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, స్టాటిన్‌ను ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

7. ఎవరూ రాయని మాత్రలను తగ్గించండి

కరోనా కాలంలో మొదలుపెట్టిన జింక్ మాత్రలను ఇప్పటికీ వాడుతున్నవారు ఉన్నారు. జింక్ ఎక్కువైతే ‘మంచి కొలెస్ట్రాల్’ అని పిలిచే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. రోజుకు 440 మి.గ్రా. జింక్ సల్ఫేట్‌ను ఐదు వారాలు ఇచ్చినప్పుడు ఆరోగ్యవంతులైన మగవారిలో హెచ్‌డీఎల్ 25 శాతం పడిపోయిందని 1980లోనే తేలింది. అది మామూలు మల్టీవిటమిన్‌లో ఉండే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కాబట్టి రోజుకో మల్టీవిటమిన్ వేసుకొనేవారు కంగారు పడనక్కరలేదు. 50 మి.గ్రా. జింక్ మాత్రను విడిగా, మల్టీవిటమిన్‌ను విడిగా నెలల తరబడి వాడేవారు మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే పెద్దవారికి రోజుకు 40 మి.గ్రా. జింకే గరిష్ఠ పరిమితి. ఇంతకు మించితే ఒంట్లో రాగి కూడా తగ్గుతుంది.

సెలీనియం, విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ కలిపిన ‘యాంటీఆక్సిడెంట్’ క్యాప్సూల్స్ సంగతి కూడా ఇలాంటిదే. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో సిమ్వాస్టాటిన్‌ను, నియాసిన్ అనే మరో కొలెస్ట్రాల్ మందును వాడుతున్న గుండె జబ్బు రోగులకు ఈ నాలుగూ కలిపి ఇస్తే, హెచ్‌డీఎల్ పెరగవలసినంత పెరగలేదు. నియాసిన్‌ను ఇప్పుడు అరుదుగానే రాస్తున్నారు కాబట్టి ఆ ఫలితాన్ని నేటి మందులన్నిటికీ అలాగే అన్వయించలేము. అయినా గుండెకు మేలు చేస్తుందన్న ఆశతో డబ్బు పెట్టి కొనడానికి తగిన ఆధారం ఆ క్యాప్సూల్స్‌కు లేదు.

8. మీ అంతట మీరు మార్చుకోకూడనివారు

కిడ్నీ జబ్బు ఉన్నవారు మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న జెల్స్‌ను డాక్టరు చెప్పకుండా తాగకూడదు, అవి ఒంట్లో పేరుకుపోతాయి. వారికి రోజువాస్టాటిన్ మోతాదు కూడా వేరుగా ఉంటుంది. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐరన్, క్యాల్షియం మాత్రలు ఇస్తారు, అవి రెండూ వేర్వేరు పూటలకు వేసుకోవాలి. గర్భం అని తెలిసే నాటికి స్టాటిన్ వాడుతూ ఉంటే దాన్ని కొనసాగించాలా వద్దా అన్నది వెంటనే డాక్టరును అడగాలి, చాలామందికి ఆపమనే చెబుతారు.

9. వేళలు మార్చాక పరీక్ష ఎప్పుడు

కొత్త పట్టికను మొదలుపెట్టిన మరుసటి వారమే రక్తపరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు. స్టాటిన్ ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి పన్నెండు వారాలు, థైరాక్సిన్ ప్రభావం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కాబట్టి ఎనిమిది వారాలకు లిపిడ్ ప్రొఫైల్, టీఎస్‌హెచ్ ఒకేసారి చేయించుకుంటే సరిపోతుంది. ఈలోగా మాత్రల బ్రాండ్లు, మోతాదులు మార్చకుండా ఉంటే రిపోర్టులో వచ్చిన తేడా దేనివల్లో తేలికగా తెలుస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు రిపోర్టుతోపాటు ఈ పట్టికను, వేళ మార్చిన తేదీని కూడా చూపించండి. థైరాక్సిన్ సరిగ్గా ఒంటబట్టడం మొదలయ్యాక పాత మోతాదు ఎక్కువైపోయి గుండె దడ, చేతుల వణుకు రావచ్చు, అప్పుడు ఎనిమిది వారాలు ఆగకుండా ముందే చూపించుకోవాలి.

ఎప్పుడైనా మరచిపోయి స్టాటిన్‌ను, జెల్‌ను కలిపి తీసుకుంటే, తగ్గినదాన్ని పూరించడానికి మరో మాత్ర వేసుకోకండి. మరునాడు మీ పట్టిక ప్రకారం మామూలుగా వేసుకుంటే చాలు.